పదకొండో మంచం దగ్గర ప్రార్థన

మూడో అంతస్తుకి లిఫ్టు ఉంది. ఉందంటే ఉంది, అంతే. స్ట్రెచర్లకీ, భోజనాల బళ్ళకీ, పెద్ద డాక్టర్లకీ అది చాలదు, ఇక నర్సులకేం మిగులుతుంది? అందుకని ప్రార్థన సిస్టర్ పందొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఆరూ నలభైకి డెబ్భై రెండు మెట్లూ కాళ్ళతోనే ఎక్కుతోంది. మొదట్లో గబగబా ఎక్కేది. తర్వాత మామూలుగా ఎక్కేది. ఇప్పుడు రెండో అంతస్తు మలుపులో ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు కాసేపు నటించి, ఊపిరి తీసుకుని, అప్పుడు మిగతావి ఎక్కుతుంది. ఆ కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు వెనక గోడ తప్ప ఏమీ కనపడదు. ఏం చూస్తున్నావమ్మా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక సరిపోయింది.

పైన ఉన్నది ఆడా మగా కలిసిన పద్దెనిమిది మంచాల వార్డు. పక్షవాతం వచ్చినవాళ్ళు, నడుం పడిపోయినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు. ఇవాళ వచ్చి రేపు పోయే బాపతు కాదు, నెలల తరబడి ఉంటారు. గోడ మీద పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో నిద్రలో అడిగినా చెప్పగలరు. ఆ వార్డుకి ఆవిడ ఇన్‌ఛార్జి. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, జీతాల గుమాస్తా తప్ప ఎవరూ దాన్ని వాడరు. డాక్టర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర టీ కొట్టువాడి దాకా అందరికీ ఆవిడ ప్రార్థన సిస్టరే. మొదట వెక్కిరింతకి పెట్టిన పేరే అది. వెక్కిరించినవాళ్ళు రిటైరై ఇళ్ళకి పోయారు, పేరు మాత్రం ఉండిపోయింది.

పేరుకి తగ్గట్టే, పొద్దున ఏడు గంటలకి డ్యూటీ మారగానే వార్డు మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా నాలుగు మాటలు చెబుతుంది. "ప్రభువా, ఈ పద్దెనిమిది మంచాలూ నీవి. మా చేతులు నీవి. ఈ రోజు మా వల్ల ఎవరికీ హాని జరగనివ్వకు. ఆమేన్." అంతే. తర్వాత ఒక్కో మంచం దగ్గరికీ వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఆ మనిషి కోసం ఓ అర నిమిషం ప్రార్థిస్తుంది. ఆ తర్వాతే మందులు, దుప్పట్లు, కేకలు.

దీనికి ఓ మొదలుంది. ఆవిడ ఆ వార్డుకి కొత్తగా వచ్చిన నెలలో, వెన్నుకి ఆపరేషనున్న ఒకావిడ ఆవిడ చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, మీరు ప్రార్థనలు చేస్తారటగా, నాకూ ఒకటి చెయ్యరా, భయంతో కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అంది. ప్రార్థన సిస్టర్ అప్పటికి ప్రార్థన సిస్టర్ కాదు. గుళ్ళో లేచి నాలుగు మాటలు చెప్పమంటేనే చెమటలు పట్టే మనిషి. సిగ్గుపడిపోతూ, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ, గొణిగినట్టు చేసింది. ఆ రోగి వణుకు తగ్గింది. పక్క మంచం మనిషి "మరి నాకో?" అని అడిగాడు. అలా పాకింది.

వార్డులో అందరూ యేసుని నమ్మినవాళ్ళేం కారు, నూటికి ఏ పదిమందో. అయినా పెద్దగా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నాలుగో మంచం మీద తుంటి విరిగి పడుకున్న లారీ డ్రైవరు, వార్డంతటికీ లారీ అన్న, మొదటి రోజే తేల్చేశాడు. "సిస్టరమ్మా, నాది వేరే దేవుడు. అయినా నువ్వు చెప్పుకో. రికమండేషను ఎటు నుంచి వస్తే ఏంటి, పని జరగడం కావాలి గానీ!"

బాగానే ఉంది. కానీ చెప్పొద్దూ, ఈ మధ్య మూడు నాలుగేళ్ళుగా ఆవిడకి అన్నీ బరువైపోయాయి. యాభై నాలుగేళ్ళు. మోకాళ్ళు పీకేస్తాయి. ముగ్గురు చేసే పని ఇద్దరు చేస్తున్నారు. కళ్ళు మూసుకుని "ప్రభువా" అంటుంది, లోపల మాత్రం గ్లౌజులు అయిపోయాయి, స్టోరుకి చీటీ రాయాలి, ఎనిమిదో మంచం పరుపు మార్పించాలి అని లెక్కలు నడుస్తూనే ఉంటాయి. నోరు దాని దారిన అది చెప్పుకుపోతుంది. ఒకప్పుడు ఆ అర నిమిషంలో ఎవరో దగ్గరకొచ్చి నిలబడ్డట్టు ఉండేది. ఇప్పుడేం లేదు. ఈ సంగతి మొగుడికీ చెప్పలేదు, పాస్టరు గారికీ చెప్పలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని ఆయనకీ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో పదకొండో మంచం మీదకి డ్రాయింగు మాస్టారు వచ్చాడు.

బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి కుడి పక్క పూర్తిగా పోయింది, దాంతోపాటు మాటా పోయింది. అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఏదీ రాదు. కూతురు ఆదివారాలు వస్తుంది, తండ్రి చెయ్యి పట్టుకుని గంటసేపు తనే మాట్లాడి వెళ్ళిపోతుంది. పదకొండో మంచం మూలన ఉంటుంది, ఎడమ వైపు గోడకి ఆనించి. మనిషి దగ్గరికెళ్ళాలంటే కుడి వైపు నుంచే వెళ్ళాలి. ప్రార్థన సిస్టర్ రోజూ అలాగే వెళ్ళేది. ఆయన కుడి భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, అయ్యో మాట కూడా లేదే పాపం అని మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువసేపే ప్రార్థించేది.

ఒక రోజు ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది, అరచెయ్యి విప్పుకుని, వేళ్ళు వణుకుతూ.

ఆవిడకి ఒళ్ళు జలదరించింది. గుళ్ళో పాటలప్పుడు జనం అచ్చం అలాగే చెయ్యెత్తుతారు, స్తుతించడానికి. మాట పడిపోయిన మనిషి చెయ్యెత్తి స్తుతిస్తున్నాడు! మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నీళ్ళు, ఎత్తిన చెయ్యి. నాలుగేళ్ళుగా ఎండిపోయిన చోట నీళ్ళు తగిలినట్టయింది ఆవిడకి. నేను వట్టి నోటితో చేస్తున్నాననుకున్నా గానీ, ప్రభువు వింటూనే ఉన్నాడన్నమాట, అనుకుంది. ఆ వారం రెండో అంతస్తు మలుపులో ఆగకుండా ఎక్కింది.

ఆదివారం గుళ్ళో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడింది. వాళ్ళ గుడి అంటే ఫర్నిచరు కొట్టు పైన ఓ పొడుగాటి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఫ్యాన్లు. దేవుడు తమకి చేసిన మేలుని లేచి అందరి ముందూ చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. ఆవిడ పదకొండో మంచం సంగతి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. హాలంతా "హల్లెలూయ" అని మారుమోగిపోయింది. పాస్టరు గారు ఆ మాటే పట్టుకుని తర్వాతి రెండు వారాలూ ప్రసంగించాడు. ఆవిడ మొగుడు, బట్టలు కుట్టే మనిషి, కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ కొలతలు తీస్తూ తీస్తూనే చెప్పేశాడు.

మూడో వారం బుధవారం నాడు మేట్రన్ పిలిపించింది.

మేట్రన్ అంటే నర్సులందరికీ పెద్ద. చెడ్డదేం కాదు, ఆవిడా మోకాళ్ళ నొప్పుల బాపతే. తలుపు వేయించి, కూర్చోమని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడమ్మా, నీ మీద ఫిర్యాదు వచ్చింది" అంది.

"నా మీదా? ఎవరమ్మా?"

"పదకొండో మంచం మాస్టారు."

ప్రార్థన సిస్టర్ కుర్చీ అంచుకి జరిగింది. "ఆయనకి మాటే లేదు కదమ్మా!"

లేదు. కానీ మాటలు నేర్పే అమ్మాయి ఒకతి కొత్తగా చేరింది. ఆ పిల్ల ఓ అట్ట తయారుచేసింది. దాని మీద ఒక పక్క మనిషి బొమ్మ, ఒక పక్క అవును, కాదు, కావాలి, వద్దు, నొప్పి, ఎక్కువ, తక్కువ లాంటి మాటలు, కింద వార్డులో తిరిగేవాళ్ళ పిలుపులు: డాక్టరు, ఆయా, కూతురు, ప్రార్థన సిస్టర్. రోగి ఎడమ చేత్తో దేని మీద వేలు పెడితే అది చెప్పినట్టు. మాస్టారికి అట్ట ఇవ్వగానే ఆయన 'ప్రార్థన సిస్టర్' మీద వేలు పెట్టాడు, తర్వాత 'వద్దు' మీద పెట్టాడు. పొరపాటేమోనని ఆ పిల్ల మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే. మూడో రోజూ అదే. ఇక భయపడి మేట్రన్ చెవిన వేసింది.

"ఆయనకి ఇష్టం లేదమ్మా నీ ప్రార్థన. అంతే కదా దానర్థం" అంది మేట్రన్. "నేనేం నీ దేవుణ్ణి కాదనట్లేదు. రేపట్నుంచి వార్డులో పైకి వద్దు. మనసులో చేసుకో. ఎవరు కాదంటారు?"

ఆవిడ తల ఊపి బయటికొచ్చింది. తల కొట్టేసినట్టయింది. వరండాలో గోడకి ఆనుకుని నిలబడితే మొదట ఏడుపొచ్చింది. ఆ తర్వాత, ఎక్కడో లోపల, కాస్త హాయిగా కూడా అనిపించింది. హమ్మయ్య, రేపట్నుంచి పద్దెనిమిది మంచాల దగ్గర నిలబడక్కర్లేదు. ఆ హాయిని చూసి ఆవిడ హడలిపోయింది. పందొమ్మిదేళ్ళ ప్రార్థన పోతుంటే హాయి ఏమిటి నీకు, సిగ్గులేకపోతే సరి, అని తనని తనే తిట్టుకుంది.

ఇంట్లో మొగుడితో చెప్పింది. అక్కడే వచ్చింది తంటా. ఆయన టేపు మెడలోనే ఉంచుకుని పాస్టరు గారింటికి పరిగెత్తాడు. మర్నాటికల్లా సంఘమంతా భగ్గుమంది. "విశ్వాసం మీద దాడి" అన్నారు. "సిస్టరమ్మ ప్రభువు కోసం శ్రమ పడుతోంది" అన్నారు. పాస్టరు గారు తెల్ల కాగితాల మీద వినతిపత్రం రాయించాడు. మా సహోదరి ప్రార్థనని ఆపడం అన్యాయం, సోమవారం పది గంటలకి అందరం వచ్చి సూపరింటెండెంటు గారిని కలుస్తాం అని. శుక్రవారానికి దాని కింద నూట పన్నెండు సంతకాలు పడ్డాయి. సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు.

"పందొమ్మిదేళ్ళు నువ్వు నిలబడ్డావు" అన్నాడు మొగుడు కళ్ళు మెరిసిపోతూ. "ఇప్పుడు మేం నీ పక్కన నిలబడతాం."

"నిలబడ్డం సంగతి నాతో అనకండి" అంది ఆవిడ పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టుకుంటూ. "నా మోకాళ్ళతో చెప్పండి."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆవిడకి ఒక్కటే ముల్లులా గుచ్చుతోంది. ఏడ్చిన మనిషి, చెయ్యెత్తి స్తుతించిన మనిషి, వద్దని ఎలా అంటాడు?

శనివారం రెండింటికి డ్యూటీ దిగాక ఇంటికి పోకుండా పదకొండో మంచం దగ్గరికి వెళ్ళింది. స్టూలు లాక్కుని కూర్చుంది. వార్డులో ఆవిడ కూర్చోవడం చూసి లారీ అన్న "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అక్కణ్ణించే కేకేశాడు. బానే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపింది. అట్ట తీసి మాస్టారి ఒళ్ళో పెట్టింది.

"మాస్టారూ, మీరు నన్ను వద్దన్నారట. కోపం లేదండీ నాకు. ఎందుకో చెబుతారా?"

ఆయన ఆవిడ వంక చూశాడు. సగం ముఖం కదలదు, మిగతా సగం ఏదో అనుకుంటోంది. ఎడమ చెయ్యి ఎత్తి, అట్ట మీద మనిషి బొమ్మ మీద వేలు పెట్టాడు. బొమ్మ కుడి భుజం మీద. తర్వాత 'నొప్పి' మీద. తర్వాత 'ఎక్కువ' మీద, రెండుసార్లు. అప్పుడు వేలు అట్ట మీంచి తీసి, ఆవిడ చేతికేసి చూపించాడు. ఒళ్ళో పెట్టుకుని ఉన్న ఆవిడ కుడి చేతికేసి.

ఆవిడ చప్పున ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

లేచి, చొక్కా బొత్తాలు విప్పి, భుజం చూసింది. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒక్కోసారి చెయ్యి బరువుకి భుజం కీలు కిందికి జారిపోతుంది. జారితే పైన గుంట పడుతుంది. ఆ గుంటలో రెండు వేళ్ళు పట్టాయి. వేళ్ళు తగిలీ తగలకముందే ఆయన పళ్ళు బిగబట్టాడు, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, ఎడమ చెయ్యి పైకి లేచింది, అరచెయ్యి విప్పుకుని, వేళ్ళు వణుకుతూ. ఆపమని. వదలమని. నెట్టడానికి. గోడ వైపు నుంచి ఆ చెయ్యి ఆవిడ దాకా అందదు, అందుకని గాల్లోనే ఆగిపోతుంది.

కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకీ మొదటి వారంలోనే ఆవిడ నేర్పే పాఠం అది. పక్షవాతం వచ్చిన భుజాన్ని లాగొద్దు, నొక్కొద్దు, దాన్ని పట్టుకుని మనిషిని లేపొద్దు. నోటితో చెప్పి ఊరుకోదు, వాళ్ళ చేత పది సార్లు చేయిస్తుంది. అలాంటి మనిషి డెబ్భై రోజుల పాటు, రోజూ, ఆ భుజం మీదే తన అలిసిపోయిన ఒళ్ళంతా ఆనించి, కళ్ళు మూసుకుని, ఎక్కువసేపు, ప్రార్థించింది. ఆయన ఏడిస్తే చూసి మురిసిపోయింది. వెళ్ళి గుళ్ళో చెప్పుకుంది.

సిగ్గుతో అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది ఆవిడకి. మంచం పట్టీ పట్టుకుని నిలబడి, "మాస్టారూ... మాస్టారూ..." అనడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. చివరికి చేతులే వాటి పని మొదలెట్టాయి. రెండు దిండ్లు తెచ్చి, మోచేతి కింద ఒకటి, ముంజేతి కింద ఒకటి పెట్టి, భుజం ఎత్తుకి తెచ్చింది. వెళ్ళి డ్యూటీ డాక్టర్ని పిలుచుకొచ్చింది. కుర్ర డాక్టరు చూసి, నొప్పికి మందు రాసి, భుజానికి పట్టీ రాసి, "ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదా?" అన్నాడు.

"నేను గమనించలేదు డాక్టర్" అంది.

అక్కణ్ణించి నేరుగా మేట్రన్ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేట్రన్ కాసేపు కణతలు నొక్కుకుంది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదమ్మా."

"అయితే వదిలెయ్. పట్టీ వేశారుగా, అయిపోయింది. ప్రార్థన గొడవ ప్రార్థన గొడవగానే ఉండనీ. సోమవారం మీవాళ్ళు వస్తారటగా, వినతిపత్రం తీసుకుంటారు, ఆ మాస్టారొక్కడి దగ్గర చెయ్యొద్దు, మిగతాచోట్ల నీ ఇష్టం అంటారు. నీకూ పరువు, మాకూ పరువు. అదే నువ్వు పొరపాట్ల రిజిస్టర్లో రాశావనుకో, పై దాకా పోతుంది. ఇన్‌ఛార్జి నుంచి తీసేస్తారు. ఈ వయసులో మళ్ళీ మామూలు నర్సువై, నీ దగ్గర పని నేర్చుకున్న పిల్లల చేత పనులు చెప్పించుకుంటావా? బుర్ర పెట్టి ఆలోచించు తల్లీ."

మేట్రన్ మంచికే చెప్పింది. అదే వచ్చిన చిక్కు, అందరూ మంచికే చెబుతున్నారు. నోరు మూసుకుంటే చాలు, ఆవిడ విశ్వాసవీరురాలు. నోరు విప్పితే తన చెయ్యి ఎక్కడ వేసిందో చూసుకోని నర్సు. ఆ రాత్రి ఆవిడ ప్రార్థన చేసుకోలేదు. చేస్తే దేవుడు ఏం చెబుతాడో తెలుసు, వినే ఓపిక లేక దుప్పటి కప్పుకుని పడుకుంది.

ఆదివారం హాలు కిటకిటలాడిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. పాస్టరు గారు వినతిపత్రం పైకెత్తి చూపించి, ప్రభువు నామం కోసం నిందలు భరించే ధన్యత అందరికీ రాదు, మన సహోదరి ఇప్పుడు ముందుకొచ్చి మాట్లాడుతుంది అన్నాడు. మొగుడు ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆవిడ మైకు పట్టుకుంది. ముందు చెప్పే వందనాలు కూడా చెప్పలేదు. అంత అలిసిపోయి ఉంది.

"మూడు వారాల కింద నేనిక్కడ ఒక సాక్ష్యం చెప్పాను" అంది. "అది తప్పు సాక్ష్యం."

ఎవరో అలవాటు కొద్దీ "హల్లెలూయ" అని, నాలిక్కరుచుకున్నారు.

"మాట పడిపోయిన మాస్టారు చెయ్యెత్తి స్తుతించాడని చెప్పాను. ఆయన స్తుతించలేదు. నన్ను ఆపమన్నాడు. ఆయన భుజం జారిపోయి ఉంది, నేను దాని మీద చెయ్యి వేసి నొక్కాను. డెబ్భై రోజులు. నొప్పికి ఏడిస్తే ఆనందబాష్పాలనుకున్నాను. నేను కళ్ళు తెరిచి ఉంటే మొదటి రోజే తెలిసేది. నర్సుని నేను. నాకు తెలియాలి."

పాస్టరు గారు మెల్లగా పక్కకొచ్చి, "సిస్టరమ్మ బాగా అలిసిపోయి ఉన్నారు, ఒత్తిడిలో ఉన్నారు..." అని మైకు అందుకోబోయాడు.

"అలిసిపోయానండీ, కాదన్ను" అంది ఆవిడ మైకు వదలకుండా. "నాలుగేళ్ళ నుంచీ అలిసిపోయే ఉన్నాను. నోటితో ప్రార్థిస్తూ లోపల గ్లౌజుల లెక్కలు వేసుకునేదాన్ని. ఆయన ఏడిస్తే నా ప్రార్థనకి బలముందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నాకది కావాలి గనక అలా చూశాను. ఆ మనిషి నొప్పి మీద నేను బతికాను. అది చెప్పకపోతే నేనింకేం సాక్ష్యం చెప్పగలనండీ?"

"కానీ సిస్టర్, ఇది ఒక్క మీ విషయం కాదు" అన్నాడు పాస్టరు గారు గొంతు తగ్గించి. "నూట పన్నెండు మంది సంతకాలు పెట్టారు. రేపు పది గంటలకి..."

"ఇలా ఇవ్వండి" అని ఆవిడ ఆ కాగితాలు అందుకుంది. ఆఖరి పేజీలో, వేలిముద్రల కింద మిగిలిన జాగాలో, ప్రసంగ పీఠం మీద పెట్టుకుని రాసింది. 'ఫిర్యాదు నిజం. నొప్పి పెట్టింది నేనే.' కింద సంతకం పెట్టింది. "ఇప్పుడు తీసుకెళ్ళండి మీ ఇష్టం" అని తిరిగిచ్చి, వెళ్ళి మొగుడి పక్కన కూర్చుంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. ఇంటికెళ్ళాక, అన్నం దగ్గర, "నేను కొట్లో ఎంతమందికి చెప్పుకున్నానే" అన్నాడు, తల ఎత్తకుండా. "తెలుసండీ" అంది.

సోమవారం పది గంటలకి సూపరింటెండెంటు గది ముందుకి ఎవరూ రాలేదు.

ఆవిడ మాత్రం ఆరూ నలభైకే వచ్చింది. మలుపులో ఆగింది. పొరపాట్ల రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, ఒకటిన్నర పేజీ రాసి, కిందికి పంపించింది. ఏడు గంటలకి వార్డంతా ఆవిడ నోటికేసి చూస్తోంది. ఆవిడ మధ్యలో నిలబడి, మాస్టారి వైపు తిరిగి, గుళ్ళో చెప్పిందే ఇక్కడా చెప్పింది, ఇంకా పొట్టిగా. "మీకు నొప్పి పెట్టాను మాస్టారూ. తప్పు నాది. క్షమించమని అందరి ముందూ అడుగుతున్నాను." ఆయాలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లారీ అన్న మొదటిసారి జోకు వెయ్యలేదు.

ఆ తర్వాత మామూలుగానే మంచం మంచం దగ్గరికీ వెళ్ళింది, కళ్ళు తెరుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని. ఒక్కొక్కర్నీ అడిగింది. "నీకు ప్రార్థన కావాలా? పైకి వద్దన్నారు, మనసులో చేస్తాను. వద్దనుకుంటే వద్దని చెప్పు, నేనేమీ అనుకోను." పందొమ్మిదేళ్ళలో అడగడం అదే మొదలు. పదముగ్గురు కావాలన్నారు. నలుగురు, ఇన్నాళ్ళూ తల వంచుకుని ఊరుకున్నవాళ్ళే, మొహమాటపడుతూ వద్దన్నారు. అందులో ఎనిమిదేళ్ళుగా వస్తూ పోతూ ఉన్న ఓ ముసలామె కూడా ఉంది. "ఏమీ అనుకోకమ్మా, వద్దంటే నన్ను చూడ్డం మానేస్తావేమోనని ఊరుకునేదాన్ని" అంది.

పదకొండో మంచానికి ఆవిడ రెండడుగుల దూరంలోనే ఆగింది. మాస్టారి చెయ్యి పట్టీలో పదిలంగా ఉంది. అట్ట ఒళ్ళో ఉంది.

"మీకు చెయ్యమంటారా మాస్టారూ? దూరంగా నిలబడే చేస్తాను."

ఆయన ఆలస్యం చెయ్యలేదు. 'వద్దు' మీద వేలు పెట్టాడు.

దెబ్బే అది. అన్నీ ఒప్పుకున్నాక, అందరి ముందూ తల దించుకున్నాక, ఈయనైనా కాస్త జాలి చూపిస్తాడని ఆవిడ లోపల ఎక్కడో అనుకుంటూనే ఉంది. "సరేనండీ" అని తిరగబోయింది.

టక్, టక్ అని చప్పుడైంది. మాస్టారు వేలితో అట్ట మీద కొడుతున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగాక, బొమ్మ కుడి భుజం మీద వేలు పెట్టాడు. అక్కణ్ణించి నిదానంగా 'నొప్పి' దగ్గరికి జరిపాడు. అక్కణ్ణించి 'తక్కువ' దగ్గరికి.

"తగ్గిందా?" అంది ఆవిడ. "నిజంగా తగ్గిందా మాస్టారూ?"

'అవును.'

"ప్రభువా, నీకు స్తోత్రం!" అనేసింది.

వార్డంతా వినపడేంత గట్టిగా అనేసింది. అన్నాక తెలిసింది. రెండు చేతులూ నోటి మీద వేసుకుని, "అయ్యో, క్షమించండి, పైకి వచ్చేసింది, నేను కావాలని..." అంటూ మేట్రన్ గానీ ఉందేమోనని తలుపు వంక చూసింది, తర్వాత మాస్టారి వంక చూసింది. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన మాట అది, లెక్కలేమీ లేకుండా.

మాస్టారు నవ్వుతున్నాడు. కుడి సగం కదల్లేదు, ఎడమ సగమే, గొంతులో బొంగురుగా చప్పుడు చేస్తూ. వేలు ఇంకా 'అవును' మీదే ఉంది.